గుంపులో కుందేలు స్వభావం: రౌడీ, పిరికి, పిచ్చి అని పేర్లు పెట్టే ముందు

కోటగుమ్మం (బొబ్బిలి)

అందరికీ నమస్కారం. ఒకే గదిలో మూడు ఆడ కుందేళ్ళు, ఇనప జాలీకి అవతల ఒక మగది. అన్నిటికీ ఏడెనిమిది నెలల వయసు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ దేనికీ కాలేదు. బూడిదరంగుది మిగతా రెండిటి మీదా ఎక్కుతుంది. ఎర్రకళ్ళ తెల్లది కూర్చున్నచోటే తల అటూ ఇటూ ఊపుతుంది, ముందుకు చెయ్యి పెడితే కరవబోతుంది. గోధుమరంగుది బియ్యం బస్తా వెనక నుంచి బయటికి రాదు. మగది జాలీ పొడుగునా తిరుగుతూ గురగురమంటుంది. బూడిదది రౌడీ, తెల్లది పిచ్చిది, గోధుమది పిరికిది అని ఇంట్లో పేర్లు పడిపోయాయి. ఇవి పుట్టుకతో వచ్చిన గుణాలేనా? మారతాయా? రౌడీని ఎవరికైనా ఇచ్చేస్తే మిగతా రెండూ ప్రశాంతంగా ఉంటాయా?

గరికపోచ (శ్రీకాకుళం)

ఎవరికీ ఇవ్వకండి, పేర్లు కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీరు రాసినవాటిలో ఒక్కటీ ఇంకా స్వభావం అని తేలలేదు.

తెల్లది తేలిక, దానితో మొదలుపెడదాం. ఎర్రకళ్ళ కుందేలు కంటిలో రంగు పదార్థం ఉండదు, చూపు మందం. ఎదుట ఉన్నది ఎంత దూరంలో ఉందో అంచనా కట్టుకోవడానికి తల పక్కలకు ఊపుతుంది. అది దాని చూసే పద్ధతి, అంతే. అయితే తల ఒకే పక్కకు వాలిపోయి, నడకలో తూలుతూ ఉంటే మాత్రం సంగతి వేరు. చెవి లోపల జబ్బు కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇక కరవబోవడం. ఏ కుందేలుకైనా కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వెనక నుంచి వచ్చే పిల్లి కూడా కనబడుతుంది గానీ, సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద ఉన్నది కనబడదు. మీ వేళ్ళు సరిగ్గా అక్కడే ప్రత్యక్షమవుతున్నాయి. చెయ్యి పక్క నుంచి, దానికి కనబడేలా, నేలకు దగ్గరగా తెచ్చి నుదుటి మీద, చెవుల మొదట్లో నిమరండి. అప్పటికీ కరిస్తే మళ్ళీ మాట్లాడుకుందాం.

మగదాని గురగురలు, చుట్టూ తిరగడం కోపం అనుకోవద్దు. ఆడవాటి వాసనకు చేసే హంగామా అది. ఆ వయసులో ఆపరేషన్ కాని ఏ మగ కుందేలైనా చేసే పనే.

బూడిదది ఎక్కడం రెండు కారణాల వల్ల కావచ్చు: తన హోదా చెప్పుకోవడం, లేదా ఎదకు రావడం. ఆడది ఆడదాని మీద ఎక్కడం మామూలే. కింద ఉన్నది కదలకుండా ఉండి, ఇరవై ముప్పై సెకన్లలో తేలిపోతే కల్పించుకోవద్దు. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దించండి. కింద ఉన్నది కరిస్తే పైదాని పొట్ట కింద భాగాలకే గాయమవుతుంది.

నన్ను కంగారు పెట్టేది మీ గోధుమది. బస్తా వెనక నక్కినదాన్ని పిరికిది అని వదిలేస్తారు, తీరా చూస్తే అది తిండి అందక చిక్కిపోతూ ఉంటుంది. ఈ రోజు మూడింటినీ తూచి బరువు రాయండి.

జీడితోట (పలాస)

ఏటి మాస్టారూ, కుందేలుకి కూడా గుణాలూ హోదాలూ ఏటి? తిండి సరిగ్గా పడితే అన్నీ ఒకేనాగుంటాయి. షెడ్డుల్లో యాభై కుందేళ్ళున్నా ఏ గోలా నేదు, ఏ రౌడీ నేదు.

గరికపోచ (శ్రీకాకుళం)

షెడ్డులో ఒక్కొక్కటీ ఒక్కో గూట్లో ఉంటుంది కదండీ. గుంపే లేనప్పుడు హోదా ఎక్కడ కనబడుతుంది? అదే యాభైని ఒక్క గదిలో వదిలితే తెల్లారేసరికి నేలంతా బొచ్చే. పెంపుడు కుందేలు యూరప్ నేల బొరియల కుందేలు సంతతి. ఆ జాతి బొరియల్లో గుంపుగా బతుకుతుంది, ఆడవాటిలో ఒక వరస, మగవాటిలో ఒక వరస ఉంటాయి. మంచి బొరియ ఎవరిది, ముందు ఎవరు తినాలి అన్నది ఆ వరసే తేలుస్తుంది. మన ఇంటి గదిలో బొరియకు బదులు బస్తా వెనక సందు ఉంటుంది, అంతే తేడా.

తెల్లకోటు (గరివిడి)

బరువు మాట బాగా చెప్పారు. కొంచెం కలుపుతాను.

కుందేలు వేటకు గురయ్యే జంతువు, నొప్పిని దాస్తుంది. అందుకే "దీని గుణం మారింది" అని యజమాని చెప్పేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. కలివిడిగా ఉండేది ఒక్కసారిగా మూల చేరితే ముందు నోరు చూడాలి. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి చాలక దవడ పళ్ళు సరిగ్గా అరగకపోతే అంచులు ముళ్ళలా లేచి నాలుకను, బుగ్గను కోస్తాయి. అది తిండి దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి వెళ్ళిపోతుంది. చూసేవాళ్ళకు సిగ్గులా కనబడుతుంది. గడ్డం తడిగా ఉండటం, మెత్తటి ఆకు మాత్రమే ఏరుకోవడం దీని ఆనవాళ్ళు.

రెండోది చెవి గజ్జి. చెవి లోపల గోధుమరంగు పొలుసులు పొరలు పొరలుగా కడతాయి. తల విదిలిస్తుంది, చెవి ముట్టుకోనివ్వదు, పక్కవాటి మీద విసుక్కుంటుంది. ఆ పొలుసులు గోటితో పీకకండి, కింద పచ్చిపుండు. ఐవర్‌మెక్టిన్ సూది డాక్టరు బరువు చూసి వేస్తారు, సాధారణంగా మళ్ళీ వేయాల్సి వస్తుంది, గుంపు మొత్తానికీ వేయాలి. కుక్కలకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే, చుక్కల మందు కుందేలుకు విషం. మనుషుల అమాక్సిసిలిన్ సిరప్ నోట్లో పోయడం కూడా ప్రాణం తీస్తుంది, పేగులో ఉండాల్సిన సూక్ష్మజీవులు చచ్చి విషక్రిములు పెరుగుతాయి.

మూడోది ఆడవాటి ప్రత్యేకం. మెత్తగా ఉండేది ఉన్నట్టుండి గడ్డి నోట కరుచుకుని తిరుగుతూ, గుండెల మీది బొచ్చు పీక్కుంటూ, దగ్గరికి వస్తే ముందరికాళ్ళతో కొడుతూ ఉంటే అది చూలుతో ఉండాలి, లేదా ఉత్తుత్తి చూలు. అసలు చూలైతే 30 నుంచి 32 రోజుల్లో ఈనుతుంది. ఉత్తుత్తిదైతే పదహారు పద్దెనిమిది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆడదాని మీద ఆడది ఎక్కినా ఉత్తుత్తి చూలు రావచ్చు, అందుకని బూడిదది ఎక్కుతున్న రెండిటినీ గమనించండి. కట్టుకున్న గూడు లాగేయకండి, ఇంకా కోపం పెరుగుతుంది.

కోటగుమ్మం (బొబ్బిలి)

తూచాం. బూడిదది 2 కిలోల 200, తెల్లది 2 కిలోల 100, గోధుమది 1 కిలో 600. నోరు పొడిగానే ఉంది, చెవులు శుభ్రం. ఆకు వేస్తే వస్తుంది గానీ బూడిదది రాగానే వెళ్ళిపోతుంది. తిండి ఒకే పళ్ళెంలో పెడుతున్నాం. నీళ్ళకు ఒక సీసా.

నాగావళి గట్టు (ఆమదాలవలస)

అదే కదేటి జబ్బు! ఒక పళ్ళెం, ఒక సీసా పెడితే కాపలా కాయడానికి పైదానికి ఎంత సులువో చూడండి.

పళ్ళెం తీసేయండి. గడ్డిని నాలుగైదు చోట్ల, ఒక చోట నుంచి ఇంకో చోటు కనబడకుండా వేయండి. మధ్యలో అట్టపెట్టె అడ్డం ఉన్నా చాలు. ఒక్కోదానికి రోజుకు దాని ఒంటి అంత గడ్డి కుప్ప ఉండాలి, రాత్రికి కూడా మిగలాలి. ఆకుకూర కిలో బరువుకు ఒక గుప్పెడు, నేల మీద చల్లండి. గుళికల దాణా వాడితే కిలో బరువుకు రోజుకు 25 గ్రాములకు మించొద్దు, అదీ ఒక్కోదానికి వేరుగా పెట్టి, తినేదాకా దగ్గర ఉండండి. పోట్లాట ఎక్కువగా వచ్చేది దాణా దగ్గరే, అదే వాటికి మిఠాయి. నీళ్ళకు సీసా కంటే బరువైన మట్టి మూకుళ్ళు మేలు. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు తాగుతాయి, ఎండల్లో ఇంకా ఎక్కువ. మూడింటికి మూడు మూకుళ్ళు, వేరు వేరు మూలల్లో.

మన వైపు దొరికేవాటిలో గరిక మొదటిది. గినీ గడ్డి, నేపియర్ లేతగా ఉన్నప్పుడు కోసి అర అడుగు ముక్కలు చేయండి, ముదిరితే కాడ వదిలేస్తాయి. వరిగడ్డి పరుపుకు బాగుంటుంది, తిండిగా దాంట్లో సారం తక్కువ. వరి కోశాక చేలల్లో చల్లే పిల్లిపెసర, దశరథ గడ్డి, అలసంద తీగ మంచివే గానీ పప్పుజాతి కాబట్టి గడ్డిలో అయిదో వంతు దాటనివ్వకండి, కోసిన వెంటనే కాకుండా నీడన ఒక పూట వాడ్చి పెట్టండి. సుబాబుల్ వద్దు. పాలకూర, తోటకూర అప్పుడప్పుడే. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు ఫరవాలేదు. ఉల్లి, వెల్లుల్లి ఆకులు ముట్టించకండి. మందు కొట్టిన చేను గట్టు మీది గరిక అసలు కోయకండి, ఆ గట్టు ఎవరిదో, ఎప్పుడు కొట్టారో అడిగి తెలుసుకోవాల్సిందే. వానాకాలంలో బూజు పట్టిన వేరుసెనగ కట్టె కూడా అంతే.

పలాస వైపు వాళ్ళకు ఒక మాట: జీడిపప్పు ముక్కలు "ప్రేమగా" పెడుతుంటారు. కొవ్వు, పిండి ఎక్కువై పేగు కదలిక ఆగిపోతుంది. పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉన్న కుందేలు అత్యవసర కేసు, రేపు చూద్దాం అనకూడదు.

జీడితోట (పలాస)

పప్పు ఎవులు పెడతారండీ ఈ రేట్లకి 😀 సరే, గూళ్ళ సంగతి ఒప్పుకున్నాను. మరి తోటలో దొరికిన చెవులపిల్లి పిల్లని ఈటితో కలిపి పెంచవచ్చా? కలిసిపోతాదా?

మోడరేటర్

కలపకూడదు, ఇంటికి తేకూడదు కూడా. చెవులపిల్లి మన అడవి జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. పైగా అది వేరే జాతి. బొరియ తవ్వదు, గుంపు కట్టదు, పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. రెండూ జత కట్టినా పిల్లలు పుట్టవు. తోటలో ఒంటరిగా కనబడిన పిల్ల తప్పిపోయిందని కాదు, తల్లి దాన్ని దాచి మేతకు వెళ్తుంది. ఉన్నచోటే వదిలేయండి. ఇక చర్చ గుంపు స్వభావం మీదికి రావాలి.

పెంకుటిల్లు (చీపురుపల్లి)

చోటు సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండిటికి కనీసం పది అడుగుల పొడుగు, ఆరున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల పైన ఎత్తు ఉండాలని పెంపకందారుల లెక్క. మూడింటికి ఇంకా కావాలి. ఇరుకులో ఏ కుందేలైనా రౌడీయే, ఎందుకంటే ఓడినది తప్పుకుందామన్నా దారి ఉండదు.

బియ్యం బస్తా వెనక సందు ఒకవైపు మూసుకుపోయి ఉంటుంది కదా? అది దాక్కునే చోటు కాదండీ, బోను. బస్తా జరిపేయండి. దాక్కోవడానికి పెట్టే ప్రతిదానికీ రెండు దారులు ఉండాలి. అట్టపెట్టెకు ఎదురెదురుగా రెండు కన్నాలు, ఒక్కోటి ఆరు అంగుళాలు. అడుగు తీసేసిన పాత మట్టి కుండ పక్కకు పడుకోబెడితే ఇంకా మేలు, కొరకలేవు, ఎండల్లో చల్లగా ఉంటుంది. మూడు కుందేళ్ళకు నాలుగు దాగుడుచోట్లు. ఒక బల్ల అడుగున్నర ఎత్తులో వేయండి. పైన కూర్చోడానికి ఎగబడేది ఏదో, కింద నీడన ఉండేది ఏదో చూస్తే మీకు బోలెడు తెలుస్తుంది.

నున్నటి గచ్చు మీద కాళ్ళు జారి కుందేలు బిగుసుకుపోతుంది, దాన్నీ భయం అనుకుంటారు. గోనెపట్టాలు పరవండి. అడుగంతా తీగ జాలీ అయితే మడమలు పుళ్ళు పడతాయి. జాలీ కన్నం అర అంగుళం దాటితే ముంగిస రాకపోయినా ఎలుకలు, పాములు వస్తాయి. మన పల్లెల్లో పిల్లి కంటే ముంగిసే ఎక్కువ ప్రమాదం, అది కింద తవ్వి వస్తుంది. జాలీని అడుగు లోతు నేలలో పాతాలి.

ఉప్పుగాలి (కళింగపట్నం)

చలికాలంలో ఒకదాని మీద ఒకటి పడుకునే జత ఏప్రిల్ నుంచి చెరో మూలా పడుకుంటుంది. ఒకటి దగ్గరికి వస్తే రెండోది లేచిపోతుంది. దెబ్బలాడుకున్న గుర్తులేమీ లేవు. జత చెడినట్టేనా?

పెంకుటిల్లు (చీపురుపల్లి)

చెడలేదు. ఉక్క అండీ. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల రక్తనాళాల నుంచే ఎక్కువ పోవాలి. దానికి హాయిగా ఉండేది 15 నుంచి 21 డిగ్రీలు. ముప్పై దాటితే కష్టపడుతుంది. మన తీరంలో తేమ కూడా తోడవుతుంది, అందుకని పక్కదాని ఒంటి వేడి దానికి భారం. మార్చి నుంచి జూన్ దాకా విడిగా పడుకోవడాన్ని తగాదా లెక్కలో రాయకండి. జత బాగుందా లేదా తెలియాలంటే తెల్లవారుజామున, పొద్దుగూకాక చూడండి. చల్లబడిన పూట ఒకదాన్నొకటి నాకుతుంటే అంతా బాగున్నట్టే.

సీసాలో నీళ్ళు గడ్డకట్టించి గుడ్డ చుట్టి ఒక్కోదానికి ఒకటి పెట్టండి. ఒక్కటే పెడితే దాని దగ్గరా వరస మొదలవుతుంది. చెవులు ఎర్రగా కాలుతూ, నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తుంటే వడదెబ్బ. చెవులను తడిగుడ్డతో తుడుస్తూ నీడకు, ఫ్యాను గాలికి చేర్చి డాక్టరుకు తీసుకెళ్ళండి. చన్నీళ్ళలో ముంచకండి, ఆ అదురుకే ప్రాణం పోవచ్చు.

గరికపోచ (శ్రీకాకుళం)

ఈ చలి, ఎండ ముచ్చట అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. మధ్యాహ్నం మొద్దులా ఉన్నదాన్ని చూసి "మా కుందేలు డల్" అనేవాళ్ళు ఎక్కువ. అది పడుకునే వేళ.

ఇప్పుడు కోటగుమ్మం గారి అసలు ప్రశ్న. స్వభావం అనేది ఉంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనే ధైర్యంగా ముందుకు వచ్చేది, ఆగి చూసేది వేరు వేరుగా ఉంటాయి, ఆ తేడా పెద్దయ్యాక కూడా కొనసాగుతుంది. కానీ గుంపులో ఉండగా దాన్ని చూడలేరు, పైదాని నీడ పడుతుంది. ఇలా చేయండి. సాయంత్రం, దాణా పెట్టకముందు, ఒక్కోదాన్ని దానికి అలవాటైన చోటే ఒంటరిగా ఉంచి, మిగతావి జాలీ అవతల వాసన తగిలేంత దగ్గరలో ఉండగా, కొత్త వస్తువు ఒకటి పెట్టండి. ఖాళీ అట్టపెట్టె చాలు. ముక్కు ఆనించడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. అయిదు నిమిషాలు దాటితే ఆపేయండి. మర్నాడు వేరే వస్తువు, గంప గానీ చెంబు గానీ. ఇంకో రోజు మీరే నేల మీద కూర్చుని చెయ్యి చాపి కదలకుండా ఉండండి, ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూడండి. తరవాత ఇదే పరీక్ష మూడూ కలిసి ఉండగా చేయండి.

ఒంటరిగా ఉన్నప్పుడు నిమిషంలో వచ్చి, గుంపులో రానిదైతే అది పిరికిది కాదు, అణిగి ఉన్నది. రెండు చోట్లా ఆలస్యంగా వచ్చేదే నెమ్మది స్వభావం గలది. వస్తువు దగ్గరికి ధైర్యంగా వెళ్ళి మీ చేతి దగ్గరికి రానిదైతే దానికి మనుషులతో పేచీ, లోకంతో కాదు. ఈ రెండూ వేరు వేరు గుణాలు, ఒకటి చూసి రెండోది చెప్పలేం.

హోదా చూడటానికి ఇంకో దారి. తల నేలకు ఆనించి పక్కదాని ముక్కు కింద పెట్టేది లొంగిపోతోందని అందరూ అనుకుంటారు. ఎక్కువసార్లు అది "నన్ను నాకు" అని అడగడం. పైది అడుగుతుంది, కిందది నాకుతుంది. రెండూ తల వంచి కూర్చుంటే ఇంకా తేలలేదన్నమాట. పెద్ద ఒళ్ళు ఉన్నదే పైది అవ్వాలని లేదు.

కోటగుమ్మం (బొబ్బిలి)

అర్థమైంది. ఆపరేషన్ చేయిస్తే బూడిదది ఎక్కడం ఆగుతుందా? మగదాన్ని కూడా లోపలికి కలపాలని ఉంది.

తెల్లకోటు (గరివిడి)

హార్మోన్ల వల్ల ఎక్కడం, మూత్రం చిమ్మడం, గూటి కోసం కొట్టడం బాగా తగ్గుతాయి. హోదా కోసం ఎక్కడం కొంత మిగులుతుంది. ధైర్యం, నెమ్మదితనం మారవు. మగవాటికి వృషణాలు దిగాక, మూడున్నర నాలుగు నెలల నుంచి చేయవచ్చు. ఆడవాటికి అయిదారు నెలలు నిండాలి. ఆడవాటికి చేయించడానికి పోట్లాట కంటే పెద్ద కారణం గర్భసంచి కాన్సర్. మూడు నాలుగేళ్ళు దాటిన ఆడ కుందేళ్ళలో అది చాలా ఎక్కువ.

మగదానికి ఆపరేషన్ అయిన రోజే కలపకండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఇంకా పిల్లలు పుట్టించగలదు. ఆడదానికి ఈనిన రోజే మళ్ళీ చూలు నిలుస్తుంది, లెక్క మీరే వేసుకోండి. హార్మోన్ చల్లబడటానికీ అంతే గడువు పడుతుంది, ఆ లోపు ఫలితం రాలేదని తేల్చేయొద్దు.

నాలుగో చెవి (విజయనగరం)

కలిపే పద్ధతి నేను రాస్తాను.

ముందు జాలీ. మీరు ఒక వరస జాలీ అన్నారు. రెండు వరసలు ఉండాలి, మధ్యలో నాలుగు అంగుళాల ఎడం. ఒక్క జాలీ అయితే అవతలి నుంచి ముక్కు, కాలివేళ్ళు కొరికేస్తాయి, ఆ కక్ష తరవాత పోదు. రోజూ పరుపు గడ్డి కొంత ఇటుది అటు, అటుది ఇటు మార్చి వేయండి. రెండు మూడు రోజులకోసారి చోట్లు మార్చండి, ఇటువాటిని అటు, అటుదాన్ని ఇటు. జాలీకి రెండు పక్కలా తిండి పెట్టండి. పక్కపక్కన ఒళ్ళు సాగదీసి పడుకునేదాకా, కనీసం రెండు వారాలు ఇదే పని.

తరవాత ఎవరిదీ కాని చోటు కావాలి. స్నానాలగది, మేడ మీది గది, ఏదైనా అవి ఎప్పుడూ తిరగనిది. గోనెపట్టాలు పరిచి, గడ్డి నాలుగు చోట్ల చల్లి, ముందు మగదాన్నీ గోధుమదాన్నీ వదలండి. బూడిదది చివర. పదిహేను నిమిషాలు చాలు. చేతులకు మందపాటి తొడుగులు, పక్కన చేట ఒకటి. పోట్లాట వస్తే వేళ్ళు పెట్టకుండా చేట అడ్డం పెట్టాలి.

ఏది ఆపాలి, ఏది వదలాలి అన్నదే అసలు విద్య. వెంటపడటం, కాస్త బొచ్చు పీకడం, ఎక్కడం వదిలేయొచ్చు. చెవులు వెనక్కి అతికించి, తోక పైకెత్తి, ఒళ్ళు బిగించిందంటే మరుక్షణం దూకుతుంది, అప్పుడే చేట అడ్డం పెట్టండి. ఒకదాని తోక వెనక ఒకటి బొంగరంలా తిరగడం మొదలైతే ఒక్క క్షణం కూడా ఆగకండి, ఆ తరవాత వచ్చేది పొట్ట చీరే తన్నే. వెనక కాలు నేలకేసి టపామని కొడితే హెచ్చరిక. ఒక్కసారి పక్కకు వాలిపోయి కాళ్ళు చాపేస్తే, కంగారు పడకండి, అది నమ్మకం. గాల్లోకి గెంతి ఒళ్ళు మెలితిప్పితే సంతోషం. పక్కనే ఉండి ఎవరి ఒళ్ళు వారు నాక్కోవడం కూడా మంచి గుర్తే. గొడవ మధ్యలో కాకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆపి తీసేయాలి.

రోజూ కొంత పెంచుతూ పోండి. కలిసి తిని, కలిసి పడుకుని, ఒక రాత్రీ పగలూ గొడవ లేకుండా గడిపాక పాత గదికి చేర్చండి. ఆ గదిని ముందే వెనిగర్ కలిపిన నీళ్ళతో కడిగి, పెట్టెల చోట్లు మార్చండి. పాత వాసన ఉంటే పాత హక్కులు గుర్తొస్తాయి.

రాజాం ఎక్స్‌ప్రెస్ (రాజాం)

ఇంత తతంగం ఎందుకండీ? రెండిటినీ ఒక బుట్టలో వేసి బండి మీద ఊరంతా తిప్పితే భయానికి ఒకదాన్నొకటి హత్తుకుంటాయి, అక్కడికి దోస్తీ అయిపోతుంది అంటారు కదా.

నాలుగో చెవి (విజయనగరం)

హత్తుకుంటాయి, నిజమే. వరదలో పామూ ఎలుకా ఒకే దుంగ మీద కూర్చున్నట్టు. బండి ఆగాక ఏమవుతుందన్నది ఎవరూ చెప్పరు. భయంలో ఉన్న కుందేలు హోదా తేల్చుకోదు, వాయిదా వేస్తుంది. ఆ పోట్లాట ఇంటికొచ్చాక, మీరు చూడని వేళ జరుగుతుంది. ఎండలో బుట్ట ప్రయాణం అయితే వడదెబ్బ అదనం.

గరికపోచ (శ్రీకాకుళం)

కొంచెం తేడాతో ఏకీభవిస్తాను. తప్పనిసరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినప్పుడు, ఇప్పటికే కలిసి ఉన్నవాటిని ఒకే బుట్టలో తీసుకెళ్ళడం మంచిదే. ఒక్కటే వెళ్ళి ఆసుపత్రి వాసనతో తిరిగి వస్తే మిగతావి దాన్ని కొత్తదనుకుని తరుముతాయి. కలవనివాటిని కలపడానికి మాత్రం భయాన్ని వాడకండి.

భయం మాట వచ్చింది కాబట్టి: దీపావళి టపాకాయలు, పైడితల్లమ్మ పండగ డప్పులు, తుపాను రాత్రులు. చప్పుడుకు బెదిరిన కుందేలు పక్కనున్నదాని మీద పడుతుంది, ఏళ్ళ జతైనా సరే. ఆ పూట గది కిటికీలు మూసి, ఫ్యాను వేసి, గడ్డి ఎక్కువ వేసి, పెట్టెలన్నీ తెరిచి ఉంచండి. ఆ రోజుల్లో కొత్త పరిచయాలు పెట్టుకోకండి.

ఉప్పుగాలి (కళింగపట్నం)

ఎత్తుకుంటే తన్నేది, వెల్లకిలా పడుకోబెడితే మాత్రం నిద్రపోతుంది. దాన్ని మచ్చిక అనుకోవచ్చా?

తెల్లకోటు (గరివిడి)

అనుకోకూడదు. అది నిద్ర కాదు, పులి నోట్లో పడ్డ జంతువు చచ్చినట్టు బిగుసుకుపోవడం. గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఆట కోసం చేయకండి. చెవులు పట్టి ఎత్తడం సంతల్లో చూస్తుంటాం, అది హింస. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకోండి. వెనక కాళ్ళకు ఆనిక లేకపోతే గట్టిగా తన్నుకుంటుంది, ఆ తన్నుకే నడుం ఎముక విరుగుతుంది.

ఈత వేయించేవాళ్ళకు ఒక చిన్న సంగతి. మొదటి వారంలో, తల్లి పాలిచ్చే వేళకు అటూ ఇటూ అరగంటలో పిల్లలను రోజూ కాసేపు చేత్తో పట్టుకుంటే పెద్దయ్యాక మనుషులంటే భయం తక్కువ. తల్లి రోజుకు ఒకసారే, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది, ఎక్కువగా తెల్లవారుజామున. మిగతా రోజంతా పిల్లల దగ్గరికి రాదు, దాన్ని కఠినమైన తల్లి అని అనకండి.

కోటగుమ్మం (బొబ్బిలి)

బస్తా తీసేశాం, మూకుళ్ళు మూడు పెట్టాం, గడ్డి అయిదు చోట్ల. పెట్టె పరీక్షలో గోధుమది ఒంటరిగా ఉంటే అన్నిటికంటే ముందు వచ్చింది! తెల్లది ఆలస్యం. బూడిదది మధ్యలో. గుంపులో గోధుమది రానేలేదు. బరువు మళ్ళీ ఎప్పుడు తూచాలి? ఆపరేషన్‌కి డాక్టరును ఏమేం అడగాలి?

గరికపోచ (శ్రీకాకుళం)

చూశారా, మీ ఇంట్లో అతి ధైర్యవంతురాలికి పిరికిది అని పేరు పెట్టారు. వారానికోసారి, అదే వేళకు, దాణాకు ముందు తూచండి. వంటింటి డిజిటల్ కాటా మీద బుట్ట పెట్టి సున్నా చేసి తూచితే చాలు. గోధుమది వారానికి కొంచెమైనా పెరగాలి. ఏదైనా ఒక్క వారంలో పదో వంతు తగ్గిందంటే తిండి సంగతి కాదు, డాక్టరు సంగతి. నెల గడిచినా గోధుమది పెరగకపోతే బూడిదదాన్ని ఎవరికీ ఇచ్చేయకుండా, గోధుమ, తెల్ల రెండిటినీ కలిపి దానికి వేరుగా, మగది లేని చోట ఇంకో జాలీ అవతల ఉంచండి.

తెల్లకోటు (గరివిడి)

ముందు అడగాల్సింది కుందేళ్ళకు మత్తు ఇచ్చిన అనుభవం ఉందా అని. కుక్కలకు చేసిన చెయ్యి అయితే చాలదు. గరివిడి పశువైద్య కళాశాలలోనో, విశాఖలోనో కనుక్కోండి. రాత్రి నుంచి పస్తు ఉంచమంటే మళ్ళీ ఒకసారి అడగండి. కుందేలు వాంతి చేసుకోలేదు, పస్తు ఉంచితే పేగు ఆగిపోతుంది, కాబట్టి ఆపరేషన్ దాకా గడ్డి ఉండాలి. నొప్పి మందు ఎన్నాళ్ళు ఇస్తారో అడగండి. ఇంటికి వచ్చిన సాయంత్రానికి తినడం మొదలుపెట్టాలి, మర్నాడు పొద్దుటికి పెంటికలు కనబడాలి. గరిక, కొత్తిమీర ముందే కోసి ఉంచుకోండి. ఆడవాటిని పది రోజులు బల్ల ఎక్కనివ్వకండి, కుట్లు కొరుకుతుందేమో రోజూ చూడండి. మూడింటికీ ఒకే రోజు చేయించగలిగితే వాసన గొడవ తప్పుతుంది.